జవాబులు ఎవరికి వెళ్ళాలి?

ఆ రోజు పొద్దున ఆకాశం వానకి అన్నీ సర్దుకుని, గుమ్మందాకా వచ్చి, ఏదో మర్చిపోయినట్టు మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది. మబ్బు పలచబడింది. తూర్పున చారెడు వెలుగు మిగిలింది. ఎండ కొట్టదు, చినుకు కొట్టదు. నారుకి అంతకన్నా మంచి పొద్దు ఉండదు.

మాది చిన్న నర్సరీ. ముందు కొట్టు, వెనక ఇల్లు, రెంటికీ నడుమ ఆకుపచ్చ వల కప్పిన షెడ్డు. ఆ వల కింద ఎనభై ట్రేల నారు: టమాటా, మిరప, వంగ. అన్నీ నాలుగో ఆకు విప్పాయి. నాలుగో ఆకు విప్పితే పది రోజులు. ఆలోగా ఎవరో ఒకరు కొనుక్కెళ్ళి నేలలో పెట్టాలి. దాటితే వేళ్ళు ట్రే గడిలోనే చుట్టలు చుట్టుకుంటాయి, కాడ సన్నగా సాగిపోతుంది. అప్పుడు ఊరికే ఇచ్చినా తీసుకున్నవాడు తిట్టుకుంటాడు. ఆ విడత మా కష్టమంతా ఆ ఎనభై ట్రేలే.

మా ఆవిడ రిజిస్టరు పట్టుకుని వచ్చింది.

"మూడొందల పన్నెండు మంది," అంది. "ప్రతి విడతా నేనే ఫోన్లు చేస్తున్నా. పదకొండు రోజులు పడుతోంది. ఆఖరివాళ్ళ వంతు వచ్చేసరికి నారు ముసలిదైపోతోంది. ఈసారి సగం మీరు."

"ఏం సగం?"

"ఫోన్లు. నూట యాభై ఆరు."

నా చేతిలో నీళ్ళ డబ్బా ఉంది. అది పక్కన పెట్టాను, పడిపోతుందని.

నేను తక్కువ మాట్లాడే మనిషిని. మా ఊరి బళ్ళో మాస్టారు హాజరు పిలిస్తే పలకలేక ఏడాది పొడుగునా గైర్హాజరైనవాణ్ణి, అదీ ముందు బెంచీ మీద కూర్చుని. మనిషి ఎదురుగా ఉంటే తలూపి నెగ్గుకొస్తాను. ఫోనులో తలూపితే ఎవరికి కనబడుతుంది?

"కిందటేడు నాలుగు చేశాగా," అన్నాను.

"చేశారు. మొదటాయనకి 'నర్సరీ' అని చెప్పి ఊరుకున్నారు. ఆయన 'చెప్పండి, చెప్పండి' అని మూడుసార్లు బతిమాలాడు. రెండో ఆవిడ మీ ఊపిరి చప్పుడు విని భయపడి వాళ్ళాయన్ని లేపింది. మూడో ఆయన నెంబరే మార్చేశాడు."

"నాలుగో ఆయన బాగానే మాట్లాడాడు."

"ఆయన మా నాన్న."

ఇంక దారి లేదు. చెవుల్లో అప్పుడే నూట యాభై ఆరు గొంతులు 'చెప్పండి, చెప్పండి' అంటున్నాయి.

"మూడు రోజులు గడువియ్యి," అన్నాను.

"నేనిస్తాను. నారు ఇవ్వద్దూ?"

"రిజిస్టరు కూడా ఇయ్యి."

"దేనికి?"

"పనుంది."

"ఏం పని?"

"ఉంది."

మా ఆవిడ నన్ను కాసేపు చూసింది. పురుగు పట్టిందో, ఊరికే వాడిందో తేల్చుకోవడానికి ఆకుని తిరగేసి చూస్తుందే, ఆ చూపు. చూసి, రిజిస్టరు ఇచ్చింది. నమ్మి ఇచ్చిందా, వేడుక చూద్దామని ఇచ్చిందా అన్నది నాకు ఇప్పటికీ తెలీదు.

నా ఎత్తు ఇది. ఒక ఉత్తరం రాసి, మీట నొక్కితే, మూడొందల మందికీ ఒక్కసారే ఈమెయిలు వెళ్ళిపోవాలి. నోరు విప్పే పని లేదు. అలా పంపే సాఫ్ట్‌వేరు ఉంటుందని మా బావమరిది ఎప్పుడో చెప్పాడు. మా బావమరిది ఒడ్డున నిలబడి ఊరందరికీ ఈత నేర్పే రకం. తను మాత్రం నీళ్ళలో దిగడు. మా నర్సరీకి ఇంటర్నెట్టులో ఒక పేజీ పెట్టించినవాడూ అతనే. దానికోసం ఎక్కడో కొంచెం చోటు అద్దెకి తీసుకున్నాం.

"బావా, అలాంటివి బోలెడన్ని ఉన్నాయి," అన్నాడు కొట్టులో కంప్యూటరు ముందు కూలబడి. "కళ్ళు మూసుకుని ఏదో ఒకటి పెట్టెయ్."

"తెరిచే చూస్తా."

"నీకేం తెలుస్తుందని?"

"మొక్క కొన్నట్టే."

మొదటిది తెరిచాం. పేజీ నిండా మనుషులు నవ్వుతున్నారు. ఉత్తరాలు పంపుకునేవాళ్ళకి అంత నవ్వు ఎందుకొస్తుందో అర్థం కాలేదు. పువ్వు చూసి మొక్క కొన్నవాడు పువ్వు రాలాక ఏడుస్తాడు. వద్దన్నాను.

రెండోది మన జాబితా అంతా తీసుకెళ్ళి వాళ్ళ దగ్గర పెట్టుకుంటుందట. రేపు మనకి నచ్చకపోతే, మన మనుషుల్ని మనకిమ్మని వాళ్ళనే అడుక్కోవాలి. మా ఆవిడ పదిహేనేళ్ళుగా పెంచుకున్న మనుషుల్ని తీసుకెళ్ళి ఇంకొకరి పెరట్లో పాతిపెట్టడం నా వల్ల కాదు. అదీ వద్దన్నాను.

మూడోది బూడిదరంగులో, ముఖం కడుక్కోనట్టుంది. ఊరికే ఇస్తారు, మనం పేజీ కోసం అద్దెకి తీసుకున్న చోట మనమే పెట్టుకోవాలి. కింద ఒక మూల, వాడుతున్నవాళ్ళు సందేహాలు అడిగే చోటు ఉంది. నేను మధ్యాహ్నం వరకూ అక్కడే కూర్చుని చదివాను. ఎవరో ఒకాయన ప్రతివాడికీ ఓపిగ్గా జవాబు చెబుతున్నాడు. ఒకే ప్రశ్న ఏడోసారి అడిగినా విసుక్కోలేదు. ఆఖరి జవాబు నిన్నటిది. ఆఖరి మరమ్మతు కిందటి నెలది. వేరు బతికే ఉంది.

"ఇదీ," అన్నాను.

"చూడ్డానికి ఏం బాలేదు బావా."

"మీ అక్క నన్ను చేసుకుంటానన్నప్పుడు కూడా నువ్వు అదే అన్నావట."

ఆ రోజుకి అది నా పెద్ద వాక్యం.

పెట్టుకునే పద్ధతి పద్నాలుగు మెట్లుగా రాసుంది. నేను ఒక్కోటీ చదివి, చేసి, పక్కన పెన్సిలుతో గీత పెట్టుకుంటున్నాను. బావమరిది మూడోదాని నుంచి తొమ్మిదోదానికి గెంతమన్నా వినలేదు. అంటు కట్టడమూ ఇంతే. కొమ్మ కోసిన వాలు, కింద మొక్క కోసిన వాలు ఒకదానికొకటి అతకాలి. ఇక్కడ పైన కొమ్మ సాఫ్ట్‌వేరు, కింద మొక్క పేర్లన్నీ దాచుకునే డేటాబేసు. రెండూ ఒకే పాస్‌వర్డు చెప్పుకోవాలి. పద్నాలుగో మెట్టు ఎక్కి మీట నొక్కితే తెర తెల్లగా వచ్చింది. అక్షరం ముక్క లేదు.

"కంప్యూటరు మార్చాలి బావా," అన్నాడు బావమరిది.

నేను మళ్ళీ మొదటి మెట్టు నుంచి చదువుకుంటూ వచ్చాను. ఆరో మెట్టు దగ్గర, పాస్‌వర్డు చివర ఒక ఖాళీ అంటుకుని ఉంది. చెరిపేశాను. పేజీ వచ్చింది. నాకు ముప్పై ఏళ్ళ కిందట మా ఊళ్ళో కట్టిన మొదటి అంటు చిగురేసినప్పుడు వచ్చిన సంతోషం మళ్ళీ వచ్చింది.

"మనం సాధించాం బావా!" అని బావమరిది లేచి ఇంటికెళ్ళిపోయాడు.

మా ఆవిడ గుమ్మంలోకి వచ్చింది.

"ఏమిటది తెర మీద?"

"ఏం లేదు."

"ఏం లేకపోతే రెండ్రోజులుగా ఏం చూస్తున్నారు?"

"వస్తుందేమోనని."

ఆవిడ నవ్వలేదు. ట్రేల వైపు చూసి, "ఎనిమిది రోజులు," అని చెప్పి వెళ్ళింది.

మూడో రోజు రిజిస్టరు ఎక్కించాను. దాని సంగతి మీకు చెప్పాలి. అది అచ్చు గడులున్న రిజిస్టరు: పేరు, ఫోను, ఈమెయిలు. మా ఆవిడకి ఖాళీ గడి కనబడితే తోచదు. కాబట్టి కొట్టుకి వచ్చిన ప్రతివాళ్ళ చేతా నెంబరూ, ఈమెయిలూ రాయించుకుంది. 'పేరు' గడి మాత్రం ఆవిడే నింపేది, వాళ్ళు వెళ్ళాక. మనుషుల అసలు పేర్లు ఆవిడకి గుర్తుండవు. వాళ్ళు మొక్కల్ని ఏం చేశారో గుర్తుంటుంది.

అందుకని ఆ గడిలో ఇలా ఉంటాయి: 'మూడు గులాబీలను ముంచినావిడ.' 'ఆకు తుంచి వాసన చూసే మాస్టారు.' 'ఏటా నిమ్మ కాయలేదనే పెద్దాయన.' 'కుక్క తవ్వేసిందన్న టైలరు.' 'చూసిపోయే డాక్టరు.' చదువుతుంటే ఒక్కొక్కరూ కళ్ళముందు నిలబడతారు. నాకు తెలిసిన ఏ చదువుకున్నవాడూ మనుషుల్ని అంత పొదుపుగా, అంత నిజంగా రాయలేడు.

మొదటి పేజీలో మొదటి గీత మీద 'మాట్లాడని మనిషి, మల్లె, మూడోసారి' అని ఉంది. అప్పుడు నర్సరీ మా మామగారిది. నేను మా ఊర్నుంచి బస్సెక్కి వచ్చి, వచ్చిన పని చెప్పలేక మల్లె మొక్క కొనుక్కుని వెళ్ళిపోయేవాణ్ణి. నాలుగోసారి ఆవిడే అడిగింది, ఇంట్లో ఇంకా మల్లెలకి చోటుందా అని. ఆ గీత మాత్రం ఎక్కించకుండా వదిలేశాను.

సాఫ్ట్‌వేరు 'పేరు' అడిగింది. రిజిస్టరులో 'పేరు' అన్న గడి ఉంది. అందులో ఉన్నది ఉన్నట్టు కొట్టాను. అది తన గుర్తు కోసం లోపల దాచుకుంటుందనుకున్నాను. పైకి పిలుస్తుందనుకోలేదు.

అంతా ఎక్కాక అది నన్ను రెండు ప్రశ్నలడిగింది.

మొదటిది: పరీక్షగా ముందు మీకొక ఉత్తరం పంపమంటారా? పరీక్ష అన్న మాట చూడగానే నా చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చేసింది. పదో తరగతి గట్టెక్కిన రోజున, బతికుండగా ఇంకో పరీక్ష రాయనని ఒట్టు పెట్టుకున్నాను. వద్దని నొక్కాను.

రెండోది: జవాబులు ఎవరికి వెళ్ళాలి? పంపినవారికా, జాబితాలో అందరికా?

ఇక్కడ చాలాసేపు ఆలోచించాను. పంపినవాడికి అంటే నాకు. నాకొస్తే నేను తిరిగి జవాబు చెప్పాలి. అందరికీ వెళితే వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకుంటారు. పెళ్ళిలో కూడా నేను చేసేదదే, పదిమందిని ఒకచోట కూర్చోబెట్టి మెల్లిగా తప్పుకుంటాను. 'అందరికీ' అని నొక్కాను. నా తెలివికి నేనే ముచ్చటపడ్డాను.

నాలుగో రోజు పొద్దున ఉత్తరం రాశాను. 'నారు ఉంది. ఏడు రోజులే. రండి.'

బావమరిది చదివి, "ఇంతేనా బావా?" అన్నాడు.

"ఎక్కువైందా?"

ఈమెయిలు ఉన్నవాళ్ళు రెండొందల డెబ్భై నలుగురు. మీట నొక్కాను. పది నిమిషాల్లో అందరికీ వెళ్ళిపోయాయని తెర చెప్పింది. నేను నీళ్ళ డబ్బా తీసుకుని షెడ్డులోకి వెళ్ళాను. ట్రేల మధ్య నడుస్తుంటే కాళ్ళు నేలమీద ఆనలేదు. మా ఆవిడ మిరప ట్రేలు జరుపుతోంది.

"పని అయిందా?" అంది.

"అయింది."

"ఏం పని?"

"చూస్తావుగా."

ఆ మాట మాత్రం తూచినట్టు నిజమైంది.

తిరిగొచ్చేసరికి బావమరిది తెర ముందు రెండు చేతులూ నోటి మీద పెట్టుకుని కూర్చున్నాడు. మా ఉత్తరం ఒకటి తెరిచి ఉంది. సాఫ్ట్‌వేరు నా మూడు మాటలకీ పైన తనంతట తాను ఒక పలకరింపు చేర్చింది, ఎవరి పేరుతో వాళ్ళకి. 'నమస్కారం, మూడు గులాబీలను ముంచినావిడ గారూ.'

గారూ కూడా పెట్టింది. మర్యాద తెలిసిన సాఫ్ట్‌వేరు.

"ఇంకోటి చూడు," అన్నాడు బావమరిది.

జవాబులు మొదలయ్యాయి. జవాబు రాసింది ఎవరో తెలియాలని, సాఫ్ట్‌వేరు ఒక్కోదాని నెత్తిన మా ఆవిడ పెట్టిన పేరు వేసి మరీ అందరికీ పంచుతోంది.

మూడు గులాబీలను ముంచినావిడ: 'ఈ పేరు పెట్టింది ఎవరు? నేను ముంచింది రెండే. మూడోది మా అత్తగారు.'

ఆకు తుంచి వాసన చూసే మాస్టారు: 'అమ్మా, గులాబీకి వారానికి రెండుసార్లు నీళ్ళు చాలు. అది సరే, నేను ఆకులు తుంచుతానన్నది ఎవరు?'

కుక్క తవ్వేసిందన్న టైలరు: 'అన్నది ఏమిటి? నిజంగానే తవ్వింది.'

ఏటా నిమ్మ కాయలేదనే పెద్దాయన: 'ఈ ఏడు కూడా కాయలేదు.'

చూసిపోయే డాక్టరు: 'ఈ జాబితాలో నా పేషెంట్లు పదహారు మంది ఉన్నారు. నా పరువేం కావాలి?'

కుండీ పగిలిందని వాపసు తెచ్చినావిడ: 'మా ఇంటిక్కూడా వచ్చి చూసే పోయారు డాక్టరుగారూ. నడుం నొప్పి అలాగే ఉంది.'

'నన్ను తీసేయండి' అని ఒకాయన అందరికీ రాశాడు. 'నన్ను కూడా' అని పదకొండు మంది అందరికీ రాశారు. 'దయచేసి అందరికీ రాయకండి' అని ఒకావిడ అందరికీ రాసింది. ఆవిడని మెచ్చుకుంటూ ఇరవైమంది అందరికీ రాశారు.

నేను కోరుకున్నదే జరిగింది. వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకుంటున్నారు.

అప్పుడొచ్చింది అది. భార్యకి చెప్పొద్దన్న లాయరు: 'ఇందులో నా గురించి రాసినది పచ్చి అబద్ధం. వెంటనే తొలగించకపోతే కోర్టులో కలుద్దాం.'

దాని కిందే ఇంకోటి. భర్తకి చెప్పొద్దన్న బ్యాంకు ఆవిడ: 'ఏమండీ, అది మీరేనా?'

ఆ తర్వాత ఆరు నిమిషాలపాటు ఒక్క జవాబూ రాలేదు. రెండొందల డెబ్భై రెండు మంది ఊపిరి బిగబట్టి కూర్చున్నారు.

"బావా, నాకు పనుంది," అని బావమరిది లేచాడు.

గుమ్మంలో మా ఆవిడ అడ్డంగా నిలబడి ఉంది. ఆవిడ ఫోను మోగుతూనే ఉంది. ఎత్తడం లేదు.

"కూర్చోరా," అంది తమ్ముడితో. కూర్చున్నాడు. నన్ను లేవమంది. లేచాను. ఆవిడ నా కుర్చీలో కూర్చుని పైనుంచి కిందికి మొత్తం చదివింది. ఒక్క మాట లేదు. మా ఇంట్లో మౌనం నా శాఖ. దాన్ని ఆవిడ చేతిలోకి తీసుకుందంటే ఏదో పెద్దదే జరగబోతోంది.

"గులాబీలవాళ్ళూ, నిమ్మలవాళ్ళూ పోనీండి," అంది చివరికి. "ఈ ఇద్దరి సంగతేమిటి?"

"ఎవరు వీళ్ళు?"

"మొగుడూ పెళ్ళాం. ఆయన ఆఫీసు కిటికీలో పద్నాలుగు కుండీలు పెట్టుకున్నాడు. ఆవిడ బ్యాంకు మేడ మీద నీళ్ళ ట్యాంకు వెనక పదకొండు పెంచుతోంది. మొక్కల పిచ్చి అని ఎదుటివాళ్ళు వెక్కిరిస్తారని ఒకరికి తెలీకుండా ఒకరు. నాలుగేళ్ళు దాచాను. ఆయనకి పదింటికి ఫోను చేసేదాన్ని, ఆవిడకి మూడింటికి. ఇంటి ఫోనుకి ఎప్పుడూ చెయ్యలేదు." ఆవిడ గొంతు కొంచెం తగ్గింది. "నా మాట నమ్మి చెప్పుకున్నారండీ."

ఫోను చెయ్యడమంటే మాట్లాడటమే అనుకున్నాను ఇన్నాళ్ళూ. ఎవరికి ఏ వేళప్పుడు చెయ్యాలి, ఎవరి దగ్గర ఏ మాట ఎత్తకూడదు అన్నది రిజిస్టరులో ఏ గడిలోనూ లేదు. అదంతా ఆవిడ తలలో ఉంది. నేను గడులు మాత్రం ఎక్కించాను.

"పోయారంటావా? అందరూ?" అన్నాను. వలకింద ఎనభై ట్రేలు కళ్ళలో మెదులుతున్నాయి. ట్రేలదేముంది, మళ్ళీ వేసుకోవచ్చు. పదిహేనేళ్ళ మనుషుల్ని మళ్ళీ ఏ విత్తనం వేసి మొలిపించాలి?

"నోరు మూసుకోండి," అంది. నాతో ఆ మాట అనడం అదే మొదటిసారి. అవసరం ఎప్పుడూ పడలేదు.

తర్వాత ఆవిడ చేసిన పని నేను పక్కనుంచి చూశాను. ఆ సాఫ్ట్‌వేరు ముఖం అప్పుడే మొదటిసారి చూస్తోంది. ఒక్కో మీట మీదా వేలు పెట్టి, చదివి, తలూపి, పక్కకి జరిగింది. నాలుగు నిమిషాల్లో 'జవాబులు ఎవరికి వెళ్ళాలి' అన్న చోటు పట్టుకుంది.

"అందరికీ అని ఎందుకు పెట్టారు?"

నేను నేల చూశాను.

"మీకు రాకుండానా?"

తలూపాను.

ఆవిడ తల తిప్పుకుని కిటికీలోంచి బయటికి చూసింది. భుజాలు ఒకటి రెండుసార్లు కదిలాయి. ఏడుస్తోందేమోనని భయపడ్డాను. ఇటు తిరిగేసరికి కళ్ళు తుడుచుకుంటోంది, నవ్వి నవ్వి.

మీట మార్చింది. జవాబులు ఆగాయి. ఫోను తీసుకుని లోపలికెళ్ళి, తలుపు దగ్గరికి వేసుకుని, లాయరుగారితోనూ, బ్యాంకు ఆవిడతోనూ విడివిడిగా మాట్లాడింది. ఏం మాట్లాడిందో నేను అడగలేదు. బయటికొచ్చి మళ్ళీ కుర్చీలో కూర్చుని ఉత్తరం రాసింది. రాశాక, పరీక్షగా ముందు తనకే ఒకటి పంపుకుంది. అందులో ఒక తప్పు కనబడితే దిద్దింది. మీట నొక్కాక అప్పుడు చదివి వినిపించింది.

'అందరికీ నమస్కారం. ఆ పేర్లు నేను పెట్టినవే. నాకు మనుషుల పేర్లు నిలవవు, మొక్కకి జరిగింది నిలుస్తుంది. మీలో ఎవరి గురించీ అబద్ధం రాయలేదు, కానీ పాతబడిన సంగతులు రాసి ఉండొచ్చు. మీ మొక్క ఇప్పుడు బాగుందా? వచ్చి చెప్పండి. మీ ఎదుటే పేరు మారుస్తాను. కొత్త మొక్క పెట్టి కొత్త పేరు తెచ్చుకుంటానన్నా సరే. నారు ఏడు రోజులే ఉంటుంది, మీ పాత పేరు కూడా అంతవరకే ఉంటుంది. ఈ ఉత్తరాలు పంపిన మా ఆయన మీలో ఒక్కొక్కరికీ స్వయంగా ఫోను చేసి క్షమాపణ చెప్పుకుంటారు.'

"ఒక్కొక్కరికీనా?" అన్నాను.

"మీరు ఒక్కొక్కరికీ పంపలేదూ?"

"రెండొందల డెబ్భై నలుగురు!"

"ఈమెయిలు లేనివాళ్ళు ముప్పై ఎనిమిది మంది చిన్నబుచ్చుకుంటారు. వాళ్ళకీ చేసెయ్యండి. ఏ వేళకి ఎవరికో నేను చెబుతా."

"మొదట నూట యాభై ఆరే అన్నావు."

"అప్పుడు చేసేస్తే అయిపోయేదిగా."

బావమరిది ముసిముసిగా నవ్వాడు. ఆవిడ అటు తిరిగి, "నువ్వు ట్రేలు మోస్తావు," అంది.

మొదటి ఫోను గులాబీల ఆవిడకి. "నర్సరీ," అన్నాను. "చెప్పండి," అంది. కళ్ళు మూసుకుని, "తప్పయింది," అన్నాను. అయిపోయిందనుకున్నాను.

"అది సరే బాబూ, రెండే కదా, మూడని ఎలా రాస్తారు? పైగా ముంచడమేమిటి, ఎండాకాలం కదా అని పోశాను."

"ఎన్ని పోశారు?"

"పొద్దునో బకెట్టు, సాయంత్రమో బకెట్టు."

"కుండీకి అడుగున కన్నం ఉందా?"

"కన్నం ఉంటే నేల పాడవుతుందని పూడ్చేశాం."

ఇలాంటి మాట విన్నాక ఊరుకోవడం ఎవరి తరమూ కాదు. వేరు ఊపిరి ఎలా తీస్తుందో, నీళ్ళు నిలిస్తే ఎలా కుళ్ళుతుందో, మట్టిలో ఇసక ఎంత కలపాలో చెప్పాను. ఆవిడ మధ్యమధ్య 'అయ్యో' అంటోంది. ఫోను పెట్టేసి చూస్తే పద్దెనిమిది నిమిషాలు. నా పెళ్ళినాటినుంచి ఒక గుక్కలో అన్ని మాటలు ఎప్పుడూ ఆడలేదు. మా ఆవిడ వల అవతల వంగ ట్రేలు సర్దుతోంది. సర్దిన ట్రేనే మళ్ళీ సర్దుతోంది.

మర్నాటి నుంచి జనం రావడం మొదలైంది.

మా ఆవిడ షెడ్డు గుమ్మంలో బల్ల వేసుకుని, పెన్సిలు, రబ్బరు పెట్టుకుని కూర్చుంది. పేర్ల కోర్టు. ఒక్కొక్కరూ వచ్చి వాదించుకుంటున్నారు.

"నేను వాసన చూస్తాను గానీ ఆకు తుంచనమ్మా," అన్నారు మాస్టారు.

"చేతిలో ఏమిటండీ మరి?"

ఆయన చేతిలోకి చూసుకున్నారు. టమాటా ఆకు. "ఇది పడి ఉంటే తీశాను."

"'దొరికిపోయిన మాస్టారు' అని రాయనా?"

"పాతదే ఉంచు తల్లీ. రెండు ట్రేలియ్యి."

డాక్టరుగారు ఆ పేరు పోగొట్టుకోవాలని, పదేళ్ళలో మొదటిసారి కొన్నారు. మిరప నారు మూడు ట్రేలు. ఎక్కడ పెడతారని అడిగితే, క్లినిక్కు ముందు, అందరికీ కనబడేలా అన్నారు. టైలరు కుక్కని వెంటబెట్టుకొచ్చి సాక్ష్యం చూపించాడు. నిమ్మ పెద్దాయనకి ఫోనులో నేను అప్పటికే అరగంట చెప్పాను, ఆయన చెట్టునుంచి ఒక కొమ్మ కత్తిరించి తెచ్చారు. మా ఆవిడ ఆ కొమ్మ చూసి, "ఇది నిమ్మ కాదండీ, అంటు కిందనుంచి వచ్చిన అడవి మొలక. అసలు కొమ్మని అదే మింగేసింది," అంది. ఆయన పదకొండేళ్ళు దాన్నే కాయమని అడుగుతూ వచ్చారు.

రిజిస్టరులో లేనివాళ్ళు కూడా సంగతి విని, మాకూ ఒక పేరు కావాలని వచ్చారు. ఒకావిడకి మా ఆవిడ 'పేరు లేనావిడ' అని రాసి పంపింది. ఆవిడ సంతోషంగా వెళ్ళింది.

ఆరో రోజు సాయంత్రం ఒక కారు ఆగింది. ఈ వైపు నుంచి లాయరుగారు దిగారు, ఆ వైపు నుంచి బ్యాంకు ఆవిడ. ఇద్దరూ ఒకరి వెనక ఒకరు, ఒకరితో ఒకరికి పరిచయం లేనట్టు వచ్చారు. నేను ఒక ట్రే వెనక్కి నక్కాను. మా ఆవిడ లేచి నిలబడింది.

"నా తప్పండీ," అంది. "మీ మాట నా రిజిస్టరులో రాసుకోకుండా ఉండాల్సింది."

లాయరుగారు గొంతు సవరించుకున్నారు. అంతలో బ్యాంకు ఆవిడే అంది: "ఆయన దగ్గర పద్నాలుగున్నాయటండీ. నా దగ్గర పదకొండు. ఇంటికి తెచ్చి కలుపుతున్నాం. బాల్కనీలో మూడు ట్రేలకి చోటు మిగిలింది."

"రెండు," అన్నారు ఆయన.

"మూడు."

"మూడు," అన్నారు ఆయన.

మా ఆవిడ రిజిస్టరు తెరిచి, ఆ రెండు గీతలూ రబ్బరుతో నెమ్మదిగా తుడిచేసింది. కొత్తగా ఏం రాయాలా అని పెన్సిలు పట్టుకుని కాసేపు ఆగింది. ఇద్దరూ ట్రేల దగ్గర వంగి ఏ మొక్క కాడ లావుగా ఉందో వాదించుకుంటున్నారు. ఆవిడ పెన్సిలు పక్కన పెట్టేసి, ఆ గడి ఖాళీగా వదిలేసింది. ఆవిడ ఖాళీ గడి వదలడం నేను అంతకుముందు చూడలేదు.

పదో రోజు మధ్యాహ్నానికి ఎనభై ట్రేలూ ఖాళీ అయ్యాయి. నా మూడొందల పన్నెండో ఫోను కూడా అప్పుడే అయింది. ఖాళీ ట్రేలు కడిగి, తలకిందులుగా బోర్లించి, చేతుల మట్టి కడుక్కుని భోజనానికి కూర్చున్నాం. బావమరిది నడుం పట్టేసి ఒక పక్కకి వాలి కూర్చున్నాడు.

మా ఆవిడ కంచాల్లో వడ్డించి, తనూ కూర్చుంది.

"వచ్చే విడతకి కంప్యూటరు నేను చూసుకుంటా," అంది. "ఆ సాఫ్ట్‌వేరు బాగుంది. మంచిదే ఎంచారు. ఉత్తరాలు నేను పంపుతా. ఫోన్లన్నీ మీవి. జనం మిమ్మల్నే అడుగుతున్నారు."

నేను ఉలిక్కిపడి నోరు తెరిచాను. చెప్పాల్సింది బోలెడుంది. కుదరదని చెప్పాలి. ఒక్కసారికే ప్రాణం పోయిందని చెప్పాలి. దానికి ముందు ఇంకోటి కూడా, నీలాంటి మనిషి ఈ చుట్టుపక్కల లేదని, పదిహేనేళ్ళుగా చెప్పాలనుకుంటున్న మాట చెప్పాలి. మాటలన్నీ వరసగా నాలుక మీదికొచ్చాయి. గొంతులోంచి చిన్న గాలి తప్ప ఏమీ రాలేదు. మూడొందల పన్నెండు ఫోన్లకి గొంతు పూర్తిగా పోయింది.

మౌనం అర్ధాంగీకారం అంటారు. మిగతా సగం ఆవిడ తనే వేసుకుంది.

గోరువెచ్చటి నీళ్ళ గ్లాసు నా కంచం పక్కకి జరిపింది. తాగాను. తర్వాత ముగ్గురం ఏమీ మాట్లాడుకోకుండా తిన్నాం.